అడగనివాళ్ళకు

అడగందే అమ్మైనా పెట్టదంటారు.
అడగకపోయినా పెట్టేదొకటుంది:
ఏ వెర్షనో చెప్పకుండా
ఉత్త పేరుతో పిలిచినవాడికి
పలికే వెర్షన్.

తార్తూలో జనవరి. ఎమాయోగి గడ్డకట్టింది.
తల్లి ఏరని ఆ పేరుకి వాళ్ళ భాషలో అర్థం.
ఏటి ఒడ్డున, మూడో అంతస్తులో,
ఉన్ని మేజోళ్ళ కాళ్ళు హీటరుకి ఆనించి
ఊర్వె ఒక అంకె మార్చాలి.
నాలుగుని ఐదు చెయ్యాలి.
అంతే పని.
మూడేళ్ళు పట్టింది.

మొదటి ఏడు నోటితో చెప్పి చూసింది.
రెండో ఏడు, ప్రోగ్రాం నడిపిన ప్రతిసారీ
పసుపు రంగులో ఒక వాక్యం వచ్చేలా పెట్టింది:
ఉత్త పేరుతో పిలుస్తున్నారు,
రేపు ఇంకొకరు పలుకుతారు.
జనం దానికీ అలవాటుపడ్డారు.
గడపకి రాసిన పసుపులా
దాటుకుని లోపలికి వెళ్ళిపోయారు.

మూడో ఏడు తావెత్ అన్నాడు:
అందరూ సిద్ధమయ్యేదాకా ఆగితే
మనం ముసలివాళ్ళమవుతాం ఊర్వె.
పాత నాలుగుకి రోజుకో చిల్లు పడుతోంది,
మాట్లు వేసేది మనమిద్దరమే, జీతం లేని పని,
పైగా నాకు పాప పుట్టింది. మార్చెయ్.

మంగళవారం మార్చింది.
శుక్రవారం మార్చినవాళ్ళకి ఆదివారం ఉండదు.

బుధవారం తెల్లవారకముందే
ఫారో దీవుల్లో, క్లాక్స్‌విక్ రేవులో,
కాడ్ చేపల షెడ్డులో
గోడ మీది డబ్బా ఒక లెక్క చూపించింది.
ఏడు బుట్టల చేప. పెట్టెకి రెండు బుట్టలు.
పదకొండేళ్ళుగా దానికి జవాబు మూడు.
మిగిలిన బుట్ట తర్వాతి పడవకి ఆగేది.
ఇవాళ మూడున్నర అంది.
అర పెట్టెకి మూత ఎలా బిగిస్తారో
షెడ్డులో ఎవరికీ తెలీదు.

ఆ లెక్క రాసిన హానుస్ పోయి నాలుగేళ్ళు.
పేరు పక్కన అంకె వెయ్యలేదు పాపం.
అప్పట్లో ఆ పేరుగలది ఒకటే ఉండేది మరి,
ఒక్కడే ఉన్న ఇంట్లో
ఏ రాముడివిరా అని ఎవరడుగుతారు?

సున్నివ, చేపల వాసన వదలని వేళ్ళతో,
ఒక్క వాక్యం రాసి పంపింది:
మీ ఐదు మేమడిగామా?

ఊర్వె దాన్ని చాలాసేపు చూసింది.
అడగలేదు. నిజమే.
నాలుగుని మాత్రం ఎవరడిగారు?
అడక్కుండా వచ్చిందే పదకొండేళ్ళుంటే
సొంతమైపోతుంది.

మూడేళ్ళుగా చెప్తూనే ఉన్నాం, అని రాసింది.
చెరిపేసింది.
ఆ డబ్బాకి ఉన్నది మూడంకెల తెర.
నా పసుపు వాక్యం
ఏ చీకటి ఫైల్లో పడి ఉందో,
రోజుకి రెండువందల సార్లు,
ఎవరికీ కాకుండా.

మళ్ళీ రాసింది:
నాలుగు ఎక్కడికీ పోలేదు.
పేరు పక్కన అంకె వేసి పిలవండి, పలుకుతుంది,
ఇంకో పద్దెనిమిది నెలలు.
ఈలోగా పద్నాలుగో వరసలో
భాగహారం గుర్తు ఒకటుంది. రెండు చెయ్యండి.
అప్పుడు ఎవరు పలికినా మూడే.

మధ్యాహ్నానికి జవాబు:
రెండు చేశాను. మూడు.
హానుస్ రాతలో
ఇప్పుడు నాదొక గీత ఉంది.
థాంక్స్ అని లేదు. తిట్టూ లేదు.

ఆ సాయంత్రం సైకిలు తొక్కలేనంత మంచు.
ఊర్వె బస్సుకని బయల్దేరింది.
కాళ్ళకి దారి చెప్పక్కర్లేదు,
స్తంభం దగ్గరికి తీసుకెళ్ళి నిలబెట్టాయి.
పావుగంట. అరగంట.
బస్సు అవతలి వీధి మలుపులో ఆగి,
ఎవర్నో ఎక్కించుకుని,
లైట్లతో సహా వెళ్ళిపోయింది.

స్తంభానికి ఏదో అంటించి ఉంది.
గోటితో మంచు గీకి చూసింది.
పసుపు కాగితం.
సెప్టెంబరు తేదీ.